తిరగని మరక

"వదులు. కింద పెట్టు. పెట్టమన్నానా!"

మా ఆయన గిథే అరుపు వంటింటి దాకా వచ్చింది. నూడుల్స్ గిన్నెల మీది ప్లాస్టిక్ కాగితం తీస్తున్నదాన్ని, అలాగే వదిలేసి హాల్లోకి వెళ్ళాను. మా ఆయనా, ఆయన తమ్ముడు వన్‌సిక్ ఒక మానిటర్‌ను చెరో అంచూ పట్టుకుని నిలబడి ఉన్నారు. దాని తీగ ఇంకా గోడకే ఉంది.

"ఇది నాది అన్నయ్యా," అన్నాడు వన్‌సిక్. "నా పీసీ బాంగ్‌లో, ఆటల కంప్యూటర్ల ముందు వరసలోంచి తీసి నా అన్న కొడుక్కి ఇచ్చాను. నచ్చకపోతే నేనే పట్టుకుపోతా. దాన్ని మాత్రం తిట్టకు."

"తిట్టక ముద్దు పెట్టుకోమంటావా? ఏడాది పాటు పగలూ రాత్రీ నీ గిరాకీల ముందు మండించి, అరిగింది తెచ్చి మా ఇంట్లో పెట్టావు. మధ్యలో మసి పట్టిందంటున్నాడు వాడు. ఎరుపు వెలిసిపోయిందంటున్నాడు. ఓలెడ్ వద్దని నెత్తీ నోరూ బాదుకున్నానా, లేదా? ప్రతి చుక్కా తనంతట తను వెలిగే దీపంరా అది. వెలిగిన కొద్దీ అరుగుతుంది."

"అరగనిదేముంది? నీ మోకాళ్ళు అరగలేదూ?"

"నా మోకాళ్ళు ఫ్యాక్టరీలో ఇరవై ఒక్క ఏళ్ళు నిలబడి అరిగాయి. నీ మానిటర్‌కి ఒక్క ఏడాదే."

"అయితే ఫ్యాక్టరీ నీ మోకాళ్ళకి గ్యారంటీ ఇచ్చిందా? దీనికైతే మూడేళ్ళుంది."

ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

హన్‌సోల్ సోఫా చివర మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. వాడికి పద్దెనిమిదేళ్ళు. గురువారం పొద్దున సియోల్‌లో వాడికి ఎంపిక ఆట. ఆ జట్టులో ఉన్నది ఒక్క ఖాళీ, పిలిచింది పదకొండు మందిని. కంప్యూటర్ తుపాకుల ఆటలో ఈ పదేళ్ళలో వాడు సంపాదించిన పేరంతా ఆ ఒక్క పొద్దుట తేలాలి. సరిగ్గా ఇప్పుడే, పది రోజులుగా, వాడు వరసగా ఓడిపోతున్నాడు. ఎందుకని అడిగితే ఒకటే మాట.

"స్క్రీన్ మధ్యలో ఏదో ఉంది."

ఇంట్లో మిగిలిన ఇద్దరికీ ఆ మాట మానిటర్ గురించి. నాకు కాదు.

నా తమ్ముడు ముయోల్ కూడా మొదట ఇలాంటి మాటే అన్నాడు. అప్పుడు వాడికి ఇరవై రెండేళ్ళు, మిలిటరీలో ఉన్నాడు. సెలవు మీద మా ఇంటికి వచ్చి, "అక్కా, ఈ బల్బులు మార్చండి, అన్నీ మసకగా వెలుగుతున్నాయి," అన్నాడు. మేము బల్బులు మార్చాం. మూడు గదుల్లోనూ మార్చాం.

రెండు నెలల్లో వాడికి ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించడం మానేసింది. పక్కన గోడా, కిటికీ అంచూ కనిపించేవి. నేరుగా చూసింది మాత్రం ఉండేది కాదు.

ఆసుపత్రిలో డాక్టర్ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. ఇది తల్లి నుంచి బిడ్డలకు వస్తుందన్నాడు. తండ్రి నుంచి రాదు. వచ్చిన అందరికీ బయటపడదు, పడితే మగపిల్లల్లోనే ఎక్కువ. అంటూ ఆయన నా పొట్ట వైపు చూసి, వెంటనే చూపు కాగితాల మీదికి తిప్పుకున్నాడు. నాకప్పుడు ఏడో నెల.

బస్టాపులో మా అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "జ్వరం వచ్చి కళ్ళు పోయాయని చెబుదాం," అంది. నేను గిథేకి అలాగే చెప్పాను. పద్దెనిమిదేళ్ళుగా అలాగే ఉంచాను. ముయోల్ మొన్న జనవరిలో న్యుమోనియాతో పోయాడు. మా ఆచారం ప్రకారం శవం పక్కన కూర్చున్న మూడు రోజులూ, వచ్చినవాళ్ళు అడిగితే, జ్వరం వల్లే చూపు పోయిందని చెప్పాను.

నేను బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. తప్పు చేసినవాళ్ళు చెయ్యెత్తి ఒప్పుకోవాలని చెబుతుంటాను.

"వదినా, నువ్వైనా చెప్పు," వన్‌సిక్ నా వైపు తిరిగాడు. "ఈయన ఫ్యాక్టరీలో ఎల్‌సీడీ లైన్ మూసేసిన దగ్గర్నుంచి ఓలెడ్ అంటే సవతి పోరు. వాడి భవిష్యత్తు కన్నా ఈయన పంతం ఎక్కువైపోయింది."

"పంతమా? ఒరేయ్, గురువారం వాణ్ణి కూర్చోబెట్టేది దేని ముందు? ఇరవై నాలుగు అంగుళాల ఎల్‌సీడీ ముందు. పోటీల్లో స్టేజి మీద పెట్టేదీ అదే. ఎక్కడ ఆడతాడో దాని మీదే చెయ్యి తిరగాలి."

"చెయ్యి తిరగడానికి ముందు కన్ను పట్టాలి కదా! ఎల్‌సీడీలో మనిషి పరిగెడితే వాడి వెనక తోక కనిపిస్తుంది. చుక్కలు రంగు మార్చుకునే లోపల వాడు గోడ దాటేస్తాడు. ఓలెడ్‌లో తోకా లేదు, తొండమూ లేదు. కోసినట్టుంటుంది బొమ్మ. నలుపంటే నలుపే."

"ఆ నలుపే కొంప ముంచేది. మూల దాక్కున్నవాడు నీ నలుపులో కలిసిపోతాడు. ఎల్‌సీడీ వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నలుపు కాస్త బూడిదగా ఉంటుంది. అందుకే వాడి భుజం కనిపిస్తుంది. ఇక తోక సంగతంటావా, ఇప్పటివి సెకనుకి ఐదు వందల సార్లు బొమ్మ మారుస్తున్నాయి. ఏ తోకరా?"

"ఓలెడూ మారుస్తుంది. పైగా నీ వెనక దీపం ఊరుకుంటుందా? ప్రతి వెలుగు చుట్టూ పొగమంచు కారుస్తుంది."

"ఆట నెమ్మదించినప్పుడల్లా నీది మినుకుమినుకుమనడం లేదూ? మొన్న నేనే చూశాను. తలనొప్పి తెప్పించే మినుకు."

"సెట్టింగుల్లో ఆపెయ్యొచ్చు దాన్ని."

"కాలిన మరకని కూడా సెట్టింగుల్లో ఆపెయ్యి మరి!"

వన్‌సిక్ మానిటర్‌ను మెల్లగా తివాచీ మీద దించాడు.

"కాలిందే అనుకుందాం," అన్నాడు. "అయితే ఎందుకు కాలిందో ఆలోచించు. ఆటలో గురి గుర్తు ఎక్కడుంటుంది? సరిగ్గా మధ్యలో. ఏడాది పాటు ఆ ఆకుపచ్చ గుర్తు అదే చోట వెలిగింది. మధ్యలో మసి అంటే అదే. ఇందులో వింతేముంది?"

గురి గుర్తు.

ఆ మాట నాకు ఊపిరి పోసింది. సోఫా చేతి మీద కూర్చున్నాను. ఔను, గురి గుర్తు. అంతే అయ్యుండాలి. పది రోజుల్లో ఈ సంగతి నాకెందుకు తట్టలేదు? వాడు చూసేది మధ్యలోనే. మధ్యలోనే కాలింది. దీనికి ముయోల్‌తో సంబంధమే లేదు.

"చూశావా, వదిన మొహం కూడా వికసించింది," అన్నాడు వన్‌సిక్. "ఇక తిందాం. నూడుల్స్ ఉబ్బి పిండి ముద్దలైపోతున్నాయి."

"ఉబ్బనీ," అన్నాడు గిథే. "తేల్చుకున్నాకే తిండి. హన్‌సోల్, నీ గదిలోంచి రెండు దుప్పట్లు పట్రా. ఇవాళ దీన్ని మా లెక్కన పరీక్ష చేద్దాం."

"ఎందుకు నాన్నా? బాబాయ్ చెప్పింది నిజమే అయ్యుంటుంది."

"అయ్యుంటుందంటే కుదరదు. మరక ఎక్కడుందో కాగితం మీద ఉండాలి."

హన్‌సోల్ వెంటనే లేవలేదు. వాడు వెనకాడడం నేను చూశాను. లేచి వెళ్ళాక కూడా దుప్పట్లు తేవడానికి చాలాసేపు పట్టింది.

గిథే ఇరవై ఒక్క ఏళ్ళు తనిఖీ గదిలో పనిచేశాడు. చీకటి గది. ముందు స్క్రీన్ల వరస. బూడిద రంగు వేసి చూడడం, ఎరుపు వేసి చూడడం, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు. ఎక్కడైనా నీడలా మరక ఉంటే కాగితం మీద గీసి పక్కన పెట్టడం. లైన్ మూసేశాక ఇప్పుడు గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. కానీ అన్నం గిన్నెను కూడా వెలుగులో తిప్పి చూసే అలవాటు పోలేదు.

బయట, ఎడారుల నుంచి గాలికి వచ్చే పసుపు ధూళి కమ్మిన రోజు. కిటికీలు పొద్దుటి నుంచీ మూసే ఉన్నాయి. వాటి మీద దుప్పట్లు వేలాడదీసేసరికి మధ్యాహ్నం కాస్తా చీకటైపోయింది.

మానిటర్‌ను బల్ల మీద నిలబెట్టి, తెర నిండా బూడిద రంగు వేశాడు గిథే. "ఒక చిన్న స్టిక్కర్ కావాలి. నడిమధ్యన అంటించడానికి. చూపు దాని మీదే ఉండాలి, కదలకూడదు. అదీ పద్ధతి."

నా బడి సంచీలో పిల్లల పుస్తకాల మీద అంటించే స్టిక్కర్లుంటాయి. చీకట్లోనే తడిమి ఒకటి తీసి ఇచ్చాను. గుండ్రంది, వేలిగోరంత.

"ఇద్దరం చూస్తాం. నేనొక కాగితం, నువ్వొక కాగితం. పక్కవాడి కాగితంలోకి తొంగి చూడకూడదు. మాట్లాడకూడదు. కనిపించిన మరక కనిపించిన చోట గీసెయ్యడమే."

"నేను?" అన్నాడు వన్‌సిక్.

"నువ్వు ముద్దాయివి. నోరు మూసుకుని కూర్చో."

హన్‌సోల్ ముందుకు జరిగి కూర్చున్నాడు. బూడిద వెలుతురు వాడి ముఖం మీద పడింది. గడ్డం మీద నూగు, కింది పెదవి దగ్గర చిన్నప్పటి కోత మచ్చ.

"ఆ గోధుమ రంగు చుక్కనేనా నాన్నా చూడాల్సింది?"

"దాన్నే. కదలకు," అన్నాడు గిథే, తన కాగితం మీద గీతలు గీసుకుంటూ.

నా సంచీలో గోధుమ రంగు స్టిక్కర్లు లేవు. ఎప్పుడూ లేవు. నేను కొనేది ఎరుపు. తెర మీదున్నది ఎర్రటి ఎరుపు. ఆ బూడిద వెలుగులో కూడా, నేను గది మూలన నిలబడి ఉన్నా, అది నాకు ఎర్రగానే కనిపిస్తోంది.

గిథే వినలేదు. వన్‌సిక్ ఫోన్ చూసుకుంటున్నాడు.

నేను గోడకు ఆనుకున్నాను. ఏదో ఒకటి పట్టుకోవాలని దుప్పటి అంచు పట్టుకున్నాను.

"అయిందా? ఇప్పుడు తిప్పుదాం," అన్నాడు గిథే. మానిటర్‌ను స్టాండ్ నుంచి ఊడదీసి, తలకిందులు చేసి, పుస్తకాల దొంతరకు ఆనించాడు. స్టిక్కర్ మళ్ళీ నడుమనే ఉంది. "కొత్త కాగితం తీసుకో. మరక ప్యానెల్‌దైతే ప్యానెల్‌తో పాటు తిరగాలి. కింద ఎడమనున్నది పైన కుడికి రావాలి. మా గదిలో అబద్ధం చెప్పని పరీక్ష ఇదొక్కటే."

హన్‌సోల్ రెండోసారి ఎక్కువసేపు చూశాడు. పెన్ను కాగితానికి ఆనించి, ఎత్తి, మళ్ళీ ఆనించాడు. ఒకసారి తండ్రి మోచేతి వైపు, ఆయన కాగితం వైపు వాడి తల కాస్త వాలింది.

"తొంగి చూడొద్దన్నాను."

"చూడలేదు."

దీపం వేశారు. నాలుగు కాగితాలూ తివాచీ మీద పక్కపక్కనే పరిచాడు గిథే.

ఆయన మొదటి కాగితంలో కింద ఎడమ మూల ఒక చతురస్రం ఉంది. ఆటలో పటం కనిపించే చోటు. మధ్యలో సన్నటి గురి గుర్తు. రెండో కాగితంలో చతురస్రం పైన కుడి మూలకు వెళ్ళింది. గురి గుర్తు నడుమనే.

"పటం కాలింది. గుర్తూ కాలింది. ఒప్పుకో ముద్దాయీ," అన్నాడు గిథే.

"ఒప్పుకుంటున్నా," అన్నాడు వన్‌సిక్. "వాడివి చూడు."

హన్‌సోల్ కాగితంలోనూ మూల చతురస్రం ఉంది. రెండోదాంట్లో అదీ సరిగ్గా ఎదురు మూలకు తిరిగింది. దాంతో పాటు ఇంకొకటి ఉంది. మధ్య చుక్కకి ఎడమ పక్కన, బొటనవేలు ముద్రంత మరక. సన్నటి గీతలతో నింపాడు దాన్ని. గురి గుర్తు మాత్రం ఎక్కడా గీయలేదు.

రెండో కాగితంలో ఆ మరక కుడి పక్కకు రావాలి.

రాలేదు. ఎడమనే ఉంది. అదే చోట, అదే కొలతలో.

గిథే రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి ఎత్తి చూశాడు. రెండు మరకలూ ఒకటే అయిపోయాయి.

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆ ముఖం మారుతుందని, నా వైపు తిరుగుతుందని, అడుగుతుందని.

ఆయన నవ్వాడు.

"ఇది ప్యానెల్ మరక కాదురా. చూసేవాడి మరక," అన్నాడు. "మా గదిలో నెలకొకడికి వస్తుంది. పన్నెండు గంటలు కన్నార్పకుండా చూస్తే వస్తుంది. నాకూ వచ్చింది. మొహం కడిగించి, పది నిమిషాలు కాఫీ మిషన్ దగ్గర నిలబెట్టేవాళ్ళు. పోయేది. నువ్వు రోజుకి పద్నాలుగు గంటలు ఆ మండే దీపం ముందు కూర్చుంటే రాదూ? పైగా ఈ ధూళి. వెళ్ళు, కళ్ళు కడుక్కురా."

"ఏమండీ," అన్నాను.

"ఊఁ?"

"ఒకసారి... డాక్టర్‌కి చూపిస్తే?"

"కళ్ళు కడుక్కోవడానికి డాక్టరెందుకు?"

"వదినకి అన్నిటికీ కంగారే," అన్నాడు వన్‌సిక్. "మొన్న వీడి జేబులో సిగరెట్టు వాసనొచ్చిందని మా సెంటర్‌కి ఫోన్ చేసి ఏడ్చింది. ఏదో వీడు బ్యాంకు దోచినట్టు."

ముయోల్‌ని చూసిన డాక్టర్, ఈ జబ్బు వచ్చే వీలున్నవాళ్ళు పొగ తాగొద్దని మరీ మరీ చెప్పాడు. ఆ సంగతి వన్‌సిక్‌కి ఎలా తెలుస్తుంది?

హన్‌సోల్ నీళ్ళు కారుతున్న ముఖంతో తిరిగి వచ్చాడు. ఈలోగా గిథే పడకగదిలోంచి తన ఎల్‌సీడీ తెచ్చాడు. లైన్ మూసేసిన రోజున పనివాళ్ళందరికీ సగం ధరకు ఇచ్చినవాటిలో ఒకటి. ఇన్నాళ్ళూ పెట్టెలోనే ఉంది. ఇరవై నాలుగు అంగుళాలు, స్టేజి మీద పెట్టేవాటి కొలతే.

"దీని మీద ఆడి చూపించు."

హన్‌సోల్ కూర్చున్నాడు. సాధన మైదానం తెరిచాడు. గోడల వెనక నుంచి బొమ్మ మనుషులు లేస్తుంటారు, లేచినవాణ్ణి కొట్టాలి. మౌస్ మీద వాడి వేళ్ళు కదిలాయి. ఒకటి. రెండు. నాలుగు. తొమ్మిది. ఒక్కటీ తప్పలేదు.

"ఎలా ఉంది?"

"బాగుంది నాన్నా. మరక లేదు. అంతా శుభ్రంగా ఉంది."

"ఎరుపు?"

"ఎర్రగా ఉంది."

గిథే వెనక్కి వాలి కూర్చున్నాడు. అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "విన్నావుగా వన్‌సిక్? ఇరవై ఒక్క ఏళ్ళు మేము చూసి పంపినవి. కంటికి హాని చెయ్యవు. నీ ఓలెడ్ పది రోజుల్లో పిల్లాడి కళ్ళు అలిసిపోయేలా చేసింది."

లైన్ మూసేసినప్పటి నుంచి ఆయన గొంతులో ఇంత సంతోషం నేను వినలేదు.

"సరే, సరే. గురువారం దాకా నువ్వే గెలిచావు," అన్నాడు వన్‌సిక్.

నేను మాత్రం తెర వైపు చూస్తున్నాను. ఏటా బడిలో చూపు పరీక్ష నేనే చేయిస్తాను. వరసలో వెనకున్న పిల్లలు ముందువాళ్ళు చదివే అంకెలు విని కంఠతా పట్టేస్తారు. అలాంటివాళ్ళను కనిపెట్టడం తేలిక. నా బెత్తం అంకె మీదికి చేరకముందే జవాబు చెప్పేస్తారు.

గోడ వెనక నుంచి బొమ్మ లేవకముందే హన్‌సోల్ గురి అక్కడికి చేరుతోంది.

ఆ మైదానంలో బొమ్మలు లేచే వరస వాడికి ఎన్నేళ్ళుగానో కంఠతా వచ్చు.

అన్నదమ్ములు ముద్దలైపోయిన నూడుల్స్‌ని చాప్‌స్టిక్స్‌తో విడదీసుకుని తిన్నారు. వన్‌సిక్ పచ్చ ముల్లంగి ముక్కలన్నీ తనే ఖాళీ చేశాడు. వెళ్తూ వెళ్తూ ఓలెడ్‌ను దుప్పటిలో చుట్టుకుని, "గురువారం గెలిస్తే దీన్ని మళ్ళీ తెస్తా, అప్పుడు మీ నాన్న ఏమంటాడో చూద్దాం," అని హన్‌సోల్ తల నిమిరాడు. గిథే అతనికి తలుపులు తీసిపెట్టడానికి కారు దాకా దిగాడు.

ఇంట్లో ఇద్దరమే మిగిలాం.

హన్‌సోల్ ఎల్‌సీడీని తన గదికి మోసుకెళ్ళాడు. నేను వాడి గుమ్మంలో నిలబడ్డాను. వాడు తెర మీద మళ్ళీ బూడిద రంగు వేసుకున్నాడు. ఆట కాదు, ఉత్త బూడిద. దానివైపే చూస్తున్నాడు.

"మరక ఉందా?" అన్నాను.

"లేదని చెప్పానుగా."

"స్టిక్కర్ రంగేమిటి?"

వాడు కుర్చీ తెరకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"హన్‌సోల్. నాతో అబద్ధం చెప్పకు."

"నువ్వు చెప్పొచ్చా?"

గొంతు పెంచలేదు వాడు. నా వైపు తిరగనూ లేదు.

"మావయ్య చెప్పాడు," అన్నాడు. "నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు. నేను ఆడుతుంటే పక్కన కూర్చుని శబ్దం వినేవాడు కదా. ఒకరోజు అన్నాడు, నీకు ఎప్పుడైనా ఎరుపు వెలిసిపోతే మీ అమ్మకి చెప్పు, మీ అమ్మకి తెలుసు అని. ఎందుకని అడిగితే, జ్వరం కాదురా అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. మిగిలింది నేను వెతుక్కుని చదువుకున్నాను."

ఐదేళ్ళు. ఐదేళ్ళుగా వీడికి తెలుసు. నేను వాడి జేబులు వాసన చూసినప్పుడు, పుట్టినరోజులకు కంటి పరీక్ష అని వంకలు వెతికినప్పుడు, వాడికి ఎందుకో తెలుసు.

"నాకు చెప్పమన్నాడుగా. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుందిగా."

వాడి మంచం అంచు మీద కూర్చున్నాను. వాడి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. మౌస్ వదలలేదు వాడు.

"మావయ్యకి మొదలైన దగ్గర్నుంచి పూర్తిగా పోవడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"హన్‌సోల్..."

"ఎన్నాళ్ళమ్మా?"

"ఎనిమిది వారాలు."

వాడి పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. "నాకు ఇవాళ పదో రోజు. గురువారానికి పద్నాలుగు. ఇప్పుడు మధ్యలో మసి ఉంది గానీ అంచులు బాగున్నాయి. అడుగుల చప్పుడు బట్టి సగం పట్టెయ్యగలను. గురువారం ఆడగలను."

"రేపు ఆసుపత్రికి వెళ్దాం. ఇప్పుడు మందులున్నాయంట. తొందరగా మొదలుపెడితే కొందరికి కొంత నిలుస్తోందని విన్నాను."

"విన్నావా? ఎప్పుడు?"

"ఎప్పుడూ వెతుకుతూనే ఉన్నాను."

"కొందరికి. కొంత." వాడు తల ఊపాడు. "రేపు వెళ్తే చేర్చుకుంటారు. పరీక్షలంటారు. గురువారం పోతుంది. మళ్ళీ పిలవరమ్మా. ఇంకో ఏడాదికి పిలిచినా అప్పటికి నాకు... ఒక్కసారి ఆడనివ్వు. ఎంపికవ్వకపోయినా సరే. కనిపిస్తుండగా ఒక్కసారి ఆ స్టేజి మీద కూర్చోనివ్వు. శుక్రవారం పొద్దున్నే ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా."

"నాలుగు రోజులు, హన్‌సోల్."

"నాలుగు రోజులే."

"ఏం నాలుగు రోజులు?"

గిథే గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు పైకి వచ్చాడో తెలియదు. చేతిలో ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. తమ ఎల్‌సీడీ ముందు కూర్చున్న కొడుకుని ఫోటో తీసి తనిఖీ గది పాత నేస్తాలకు పంపాలనుకున్నాడట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ ఫోన్ ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.

"మావయ్యకి ఎనిమిది వారాలేమిటి?" అన్నాడు.

పిల్లలు తప్పు ఒప్పుకునేటప్పుడు ముందు కాళ్ళ వైపు చూసుకుంటారు. నేనూ చూసుకున్నాను.

"ముయోల్‌ది జ్వరం కాదండీ," అన్నాను. "మా అమ్మ వైపు నుంచి వచ్చింది. నా నుంచి వీడికి రావచ్చని డాక్టర్ చెప్పాడు. వీడు కడుపులో ఉన్నప్పుడే చెప్పాడు. ఆ కాగితాల మీది మరక అలసట కాదు."

ఆయన నన్ను దాటుకుని లోపలికి వచ్చాడు. బూడిద తెర ముందు, హన్‌సోల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కీళ్ళు చప్పుడు చేశాయి. ఎల్‌సీడీ అంచు రెండు చేతులా పట్టుకుని దాని మీదికి వంగాడు. ఇంకా ఏదైనా మరక దొరుకుతుందేమో, ఇదే కారణమైతే బావుణ్ణని, మూలమూలా వెతికాడు. అంత జాగ్రత్తగా ఆయన దేన్నీ చూడడం నేనెప్పుడూ చూడలేదు.

దొరకలేదు. ఆయన మంచి ప్యానెలే తెచ్చుకున్నాడు.

"నీకు మొహాలు కనిపిస్తున్నాయా?" అన్నాడు, కొడుకు వైపు చూడకుండా.

"కనిపిస్తున్నాయి నాన్నా. కొంచెం దుమ్ము పట్టినట్టుంటుంది అంతే. నేను గురువారం ఆడతాను. శుక్రవారం వెళ్దాం."

"రేపు వెళ్ళాలండీ," అన్నాను. "రేపే వెళ్ళాలి."

"అమ్మ పద్దెనిమిదేళ్ళు ఆగింది. నేను నాలుగు రోజులు ఆగలేనా?"

కింద ఎవరో కారు వెనక్కి తీస్తున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

గిథే లేవడానికి మంచం పట్టుకున్నాడు. నా చెయ్యి చాచాను. ఆయన పట్టుకోలేదు. లేచి నిలబడి, ఫోన్ జేబులో పెట్టుకుని, నా వైపు తిరిగాడు. అరుస్తాడనుకున్నాను. ఆయన గొంతు తనిఖీ గదిలో మాట్లాడే గొంతులా, పక్కవాడికి మాత్రమే వినిపించేంత నెమ్మదిగా ఉంది.

"నాకు దీని గురించి ఏమీ తెలియదు. ఎంత వేగంగా పోతుందో తెలియదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. తెలుసుకునే వీలు నువ్వు ఇవ్వలేదు. కాబట్టి నన్నడగకండి, ఇద్దరూ." ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. "రేపా, శుక్రవారమా? ఇన్నాళ్ళూ వీడి కళ్ళ సంగతి నువ్వొక్కదానివే తేల్చుకున్నావు. ఇదీ నువ్వే తేల్చు, హన్‌సోల్ అమ్మా. వాడి ముందే తేల్చు."